మనస్సును కొలుచు చిన్న ప్రశ్నలు

మన పాఠశాల వార్షిక సంచికకు ప్రతి సంవత్సరమును ఏదో యొక విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మాకు అలవాటు. సాధారణముగా చదువు, క్రమశిక్షణ, పరీక్షా ఫలితములు మొదలగు వానిని గూర్చియే వ్రాయుచు వచ్చితిమి. ఈ సారి మాత్రము మేము చేసిన యొక పొరపాటును ముందుంచుకొని, దాని వలన మేము నేర్చుకొన్న సంగతిని పాఠకులకు విన్నవింపదలచితిమి. విషయము కొంచెము క్రొత్తది. కోపము, దుఃఖము, భయము, సిగ్గు మొదలగు ఉద్వేగములను అదుపులో నుంచుకొనుటకు పిల్లలు ఎంత కష్టపడుచున్నారో చిన్న ప్రశ్నావళులతో కొలుచుట ఎట్లు? ఆ ప్రశ్నావళి నిజముగా దానినే కొలుచుచున్నదని తెలియుట ఎట్లు? ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి పిల్లల కిచ్చుటకై అట్టి ప్రశ్నావళి యొకటి మా చేతికి వచ్చినది. అది ఆంగ్లమునను, తమిళమునను ఉండెను. మన పిల్లలు తెలుగు మాధ్యమమున చదువువారు గనుక, ఉపాధ్యాయులము కొందరము కూర్చుండి, నిఘంటువు ముందు బెట్టుకొని, ఒక్క సాయంకాలములో దానిని తెలుగు చేసితిమి. అంత త్వరగా ముగించినందుకు మాలో మేము సంతోషించితిమి కూడ.

ఆ తరగతిలో నొక బాలిక కలదు. మితభాషిణి. ఉద్వేగము కలిగినపుడు చదువు సాగదా, చేతిలోని పని చెడునా, అని యడిగిన ప్రశ్న లన్నింటికిని ఆమె ‘ఎన్నడును లేదు’ అని గుర్తు పెట్టినది. కూడి చూడగా తరగతిలో అందరికంటె తక్కువ మొత్తము ఆమెకే వచ్చెను. ‘ఈ బిడ్డకు ఏ చిక్కును లేదు’ అనుకొని ఆ కాగితమును ప్రక్కన పెట్టితిమి. అర్ధసంవత్సర పరీక్షలో ఆమె గణితము కాగితమును తెల్లగా ఇచ్చివేసినది. పిలిచి మెల్లగా నడుగగా, చాలసేపు తల వంచుకొని నిలుచుండి, “శానా బేజారయితాది సార్. కడుపులో కాల్తా ఉంటాది. చదువుదామని కూర్చుంటే అచ్చరాలే కనపడవు” అని చెప్పినది. ఇంటి సంగతులు వేరుగా కలవు. వానిని ఇచ్చట వ్రాయుట ధర్మము కాదు.

“మరి ఆ ప్రశ్నలకు అట్లేల వ్రాసితివమ్మా?” అని యడిగితిమి. ఆమె ఆశ్చర్యముతో మా వంక చూచి, “ఉద్వేగం అంటే హుషారు కదా సార్? హుషారుగా ఉంటే చదువు బాగానే సాగుతాది కదా!” అన్నది.

అప్పుడు మాకు కన్నులు తెరవబడినవి. తమిళమున ‘ఉద్వేగము’ అను మాటకు ప్రేరణ, ఉత్సాహము అని యర్థము. హోసూరు బస్సు నిలయములోని గోడ పత్రికల మీదను, తమిళ వార్తాపత్రికలలోను ఆ బిడ్డ చూచుచుండిన మాట అదియే. మేము నిఘంటువు నుండి తెచ్చిన మాట ఆమెకు తెలుగు మాటగా గాక తమిళపు మాటగా వినబడినది. ఆమె అబద్ధము వ్రాయలేదు. అడుగని ప్రశ్నకు నిజమైన జవాబు వ్రాసినది. తప్పు కొలువబడిన దానిది కాదు, కొలబద్దది. ఆ కొలబద్దను చేసినవారము మేము.

ఉద్వేగ నియంత్రణ యనగా నేమి?

కోపము రాకుండుట ఉద్వేగ నియంత్రణ యని చాలమంది తలంతురు. అది సరి కాదు. కోపము, దుఃఖము, భయము మానవ సహజములు. అవి వచ్చినపుడు వానిని గుర్తించి, వాని వలన తనకుగాని ఇతరులకుగాని కీడు కలుగకుండ, చేయవలసిన పనిని చేసికొనుచు పోగల నేర్పునకే ఉద్వేగ నియంత్రణ యని పేరు. ఆ నేర్పు కొరవడుటనే శాస్త్రజ్ఞులు నియంత్రణలోని కష్టమని చెప్పుదురు.

ఈ కష్టమును కొలుచుటకు అమెరికాలో కిం గ్రాట్జ్, లిజబెత్ రోమర్ అను ఇరువురు విదుషీమణులు 2004 లో 36 వాక్యములు గల యొక ప్రశ్నావళిని ప్రకటించిరి. ఒక్కొక్క వాక్యమునకు ‘దాదాపు ఎన్నడును లేదు’ మొదలు ‘దాదాపు ఎల్లప్పుడును’ వరకు అయిదు మెట్లు. మెట్టునకు 1 నుండి 5 వరకు గుణములు. కాబట్టి మొత్తము 36 కు తగ్గదు, 180 కి మించదు. మొత్తము పెరిగినకొలది కష్టము పెరిగినదని యర్థము. వారు దీనిని 357 మంది కళాశాల విద్యార్థుల జవాబులతో పరీక్షించి, కష్టము ఆరు విధములుగా నుండునని చూపిరి.

మన పిల్లల బ్రతుకు నుండియే ఆ యారింటికి ఉదాహరణములు చెప్పుదుము. కబడ్డీలో ఓడి యేడ్చిన బాలుడు ‘నేను ఏడ్చితినే’ యని తన యేడుపునకే సిగ్గుపడుట మొదటిది. దీనిని తన భావమును తానే అంగీకరింపలేకపోవుట యందురు. ఉదయము ఇంటిలో జరిగిన గొడవ వలన మధ్యాహ్నము వరకు పాఠము చెవి కెక్కకపోవుట రెండవది. కోపము వచ్చిన క్షణమున పలక విసరివేయుట, చేయి చేసికొనుట మూడవది. లోపల నేమి జరుగుచున్నదో గమనింపకుండుట నాల్గవది. ఇక దీనికి మార్గము లేదు, ఈ దుఃఖము ఎన్నటికిని పోదు అని నిరాశ చెందుట అయిదవది. ఏదో బాధగా నున్నది గాని, అది కోపమో భయమో తెలియక తికమకపడుట ఆరవది. ఈ యారింటిని విడివిడిగా చూచినయెడల, ఏ బిడ్డకు ఎచ్చట చేయూత కావలెనో తెలియును. విసరివేయు బాలునకు కావలసినది యొకటి, నిరాశపడు బాలికకు కావలసినది వేరొకటి.

పొట్టి ప్రశ్నావళులు ఎందులకు?

ముప్పదియారు ప్రశ్నలు చదివి జవాబు వ్రాయుటకు పిల్లలకు ఓపిక చాలదు. ఇరువదవ ప్రశ్న దాటిన పిమ్మట చదువకుండనే గుర్తులు పెట్టువారిని మేము ఎరుగుదుము. ఆసుపత్రిలో వైద్యునకు తీరిక తక్కువ. అందుచేత 2016 లో వేర్వేరు పండితుల బృందములు దీనిని కుదించినవి. స్వీడన్ దేశపు జొహాన్ బ్యురెబెర్గ్ మొదలగువారు 16 ప్రశ్నలకు తెచ్చిరి. మరి రెండు బృందములు 18 ప్రశ్నలకు, అనగా పైని చెప్పిన ఆరు విధములలో నొక్కొక్కదానికి మూడు ప్రశ్నల చొప్పున, కుదించినవి.

కుదించుట ఊరక జరుగదు. దానికి వెల యున్నది. లెక్క తెలిసిన మన పెద్ద తరగతుల విద్యార్థుల కొరకు ఆ వెలను చూపుదుము. ప్రశ్నావళి ఎంత నిలుకడగా కొలుచునో చెప్పు సంఖ్యకు విశ్వసనీయతా గుణకము అని పేరు; అది సున్నకును ఒకటికిని మధ్య నుండును. చార్లెస్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ అను వారు 1910 లో వేర్వేరుగా నొక సూత్రమును చూపిరి. దాని ప్రకారము, 36 ప్రశ్నలకు గుణకము 0.90 అయిన యెడల, అట్టివే 18 ప్రశ్నలు మాత్రము ఉంచినచో అది 0.82 నకు దిగును. 9 ప్రశ్నలకు తగ్గించినచో 0.69 నకు దిగును. సగము ప్రశ్నలు పోయినను నిలుకడ సగము పోలేదు, ఇది లాభము. కాని ఇంకను తగ్గించుచు పోయినకొలది కొలబద్ద వదులగును. సాధారణముగా 0.70 కి తక్కువైన దానిని పండితులు నమ్మరు. కావున ఏ ప్రశ్నలను ఉంచవలెను, వేనిని తీసివేయవలెను అనునది చాల జాగ్రత్తతో చేయవలసిన పని.

ఇందులో మరియొక చిక్కు. పైని చెప్పిన నాల్గవ విధము, అనగా తన లోపలి భావమును గమనింపకుండుట, పెక్కు పరిశోధనలలో తక్కిన అయిదింటితో సరిగా కలిసి రాలేదు. దానిలోని ప్రశ్న లన్నియు తిరుగబడిన ప్రశ్నలు. అనగా తక్కిన వానిలో చాలవరకు ‘ఎల్లప్పుడును’ అనుట కష్టమునకు గుర్తు; వీనిలో ‘ఎల్లప్పుడును’ అనుట మంచికి గుర్తు. 16 ప్రశ్నల పొట్టి రూపములో ఈ నాల్గవ విధమునకు చోటు లేదు; 18 ప్రశ్నల రూపములలో అది యున్నది. చిన్నదానిని ఎన్నుకొనువారు ఏమి వదలుకొనుచున్నారో ఎరిగి ఎన్నుకొనవలెను.

కొరియా దేశపు అనుభవము

ఈ ప్రశ్నావళిని 2007 లో కొరియా భాషలోనికి తెచ్చి, దాని గుణములను పరీక్షించి ప్రకటించిరి. పిమ్మట పొట్టి రూపములను గూడ కొరియనుల మధ్య పరీక్షించిరి. అమెరికాలో నొకసారి పరీక్షించినది చాలదా, మరల ఎందులకు అని యొకరు అడుగవచ్చును. కొరియాలోనే దీనికి జవాబు దొరకును.

కొరియా ప్రజలలో ‘హ్వాబ్యోంగ్’ అను మాట కలదు. ‘హ్వా’ యనగా నిప్పు, కోపము. ‘బ్యోంగ్’ అనగా రోగము. అన్యాయమునకు లోనై, కోపమును ఏండ్ల తరబడి లోపల దిగమ్రింగినవారికి రొమ్ము బరువెక్కుట, ఒంట వేడి పుట్టుట, గొంతులో నేదో అడ్డుపడినట్లుండుట, నిట్టూర్పులు ఎక్కువగుట మొదలగు బాధలు కలుగునని వారు చెప్పుదురు. అమెరికా మనోరోగ వైద్యుల సంఘము 1994 లో ప్రకటించిన రోగ నిర్ణయ గ్రంథములో ఈ పేరు ఎక్కినది. ఇట్టి దేశములో ‘నీకు మనస్సు బాగుండలేదా?’ అని యడిగినచో ‘బాగుగనే యున్నది’ యని జవాబు వచ్చును. ‘రొమ్ము బరువుగా నున్నదా?’ అని యడిగినచో కన్నీరు వచ్చును. పెద్దల యెదుట కోపమును దాచుట మర్యాదయైన సమాజములో ‘కోపమును దాచుదును’ అనుట కష్టమునకు గుర్తా, మర్యాదకు గుర్తా? ఆ సంగతి అమెరికా విద్యార్థుల జవాబులను బట్టి తేలదు. కొరియనుల నడిగియే తేల్చుకొనవలెను.

మన సంగతియు అంతియే కదా! తెలుగువాడు దుఃఖమును శరీరముతో చెప్పును. గుండె చెరువైనదనును, కడుపు తరుగుకొనిపోవుచున్నదనును, ఒళ్ళు మండినదనును, గుండె జారినదనును. మా విద్యార్థిని ‘కడుపులో కాల్తా ఉంటాది’ అన్న మాట కొరియా వారి నిప్పు రోగమునకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. పరదేశపు ప్రశ్నలో కడుపు లేదు, గుండె లేదు. ఉన్న మాట ఉద్వేగ మొక్కటే, అదియు హుషారైపోయెను.

కొలబద్దను పరీక్షించు విధము

కృష్ణగిరి మామిడి మండీలో తక్కెడను ఎట్లు పరీక్షింతురో ఇచ్చటను అట్లే. ఒకే గంపను రెండు మార్లు తూచినపుడు ఒకే బరువు చూపవలెను. దీనిని విశ్వసనీయత యందురు. రెండు మార్లును ఒకే బరువు చూపినను, ఆ బరువు తప్పైన యెడల తక్కెడ పనికిరాదు. నిజమైన బరువునే చూపుటను సప్రమాణత యందురు. తప్పు తూచు తక్కెడ కూడ నిలుకడగా తప్పే తూచవచ్చును. కావున మొదటిది యున్నంత మాత్రమున రెండవది యున్నదని నమ్మరాదు.

ప్రశ్నావళి విషయములో ఈ పని వరుసగా ఇట్లు జరుగవలెను. మొదట రెండు భాషలును బాగుగా నెరిగినవారు అనువదింతురు. పిదప మూలమును చూడని మరియొకరు ఆ తెలుగును తిరిగి మూల భాషలోనికి మార్చుదురు. ఈ తిరుగు అనువాద పద్ధతిని 1970 లో రిచర్డ్ బ్రిస్లిన్ విశదపరచెను. రెండు మూలములును సరిపోలని చోట పొరపాటు బయటపడును. అయినను మా ‘ఉద్వేగము’ ఈ జల్లెడలో కూడ పట్టుబడి యుండెడిది కాదు. ఏలయన, చదువుకొన్న అనువాదకుడు దానిని మరల సరిగనే మార్చియుండును. కావున మూడవ మెట్టు అత్యవసరము: పిల్లలను నలుగురైదుగురిని కూర్చుండబెట్టి, ‘ఈ వాక్యము నీ మాటలలో చెప్పుము, దేనిని తలచుకొని ఈ గుర్తు పెట్టితివి?’ అని యడుగుట. అర గంట పని. ఆ యర గంట మేము వెచ్చించి యుండినచో ఆ బాలిక సంగతి నెలల ముందుగనే తెలిసియుండును.

నాల్గవ మెట్టున కొన్ని వందలమందికి ప్రశ్నావళి నిచ్చి, ఒకే విషయమును అడుగు ప్రశ్నలకు జవాబులు ఒకదానితో నొకటి పొసగుచున్నవా యని లెక్కింతురు. ఇందుకు లీ క్రాన్‌బాక్ 1951 లో చూపిన ఆల్ఫా అను లెక్క నేటికిని వాడుకలో నున్నది. కాని ఒకే ప్రశ్నను మాటలు మార్చి పది మార్లు అడిగినను ఆల్ఫా ఎక్కువగనే వచ్చును. కావున దాని నొక్కదానినే నమ్మరాదు. అయిదవ మెట్టు, జవాబులు నిజముగా ఆరు గుంపులుగా విడివడుచున్నవా యని కారకాంశ విశ్లేషణతో చూచుట. ఆరవది, కొన్ని వారముల తరువాత మరల అడిగి పోల్చుట. ఏడవది, పొట్టి రూపము పొడుగు రూపముతోను, ఆందోళన, దిగులు మొదలగు వానిని కొలుచు ఇతర ప్రశ్నావళులతోను ఎంతవరకు ఏకీభవించునో చూచుట.

చివరిది అందరును మరచునది. ఒకే ప్రశ్నావళి రెండు చోట్ల ఒకే విధముగా పని చేయుచున్నదా? నెల్లూరు బాలునకు వచ్చిన 40, హోసూరు బాలునకు వచ్చిన 40, రెండును ఒకే బరువా? ఇది తేలక మునుపు ఇరువురిని పోల్చుట, ఒకరు శేరుతోను మరియొకరు కిలోతోను తూచిన మామిడిపండ్లను సంఖ్యలు చూచి పోల్చినట్లగును.

తెలుగు నేలలోను, ఇరుగుపొరుగునను

భాష మారినపుడు కొలబద్దను మార్చుకొనవలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. పారిస్ నగరములో ఆల్ఫ్రెడ్ బినే 1905 లో తయారుచేసిన బుద్ధి పరీక్షను వి.వి. కామత్ పండితుడు కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు సవరించి 1934 లో ప్రకటించెను. ఫ్రెంచి బాలునకు సులభమైన ప్రశ్న మన బాలునకు కష్టము కావచ్చును, కష్టమైనది సులభము కావచ్చునని ఆనాడే గుర్తించిరి.

ఆంధ్ర దేశమున 2002 నుండి ‘యంగ్ లైవ్స్’ అను పరిశోధన సుమారు 3000 మంది పిల్లల యెదుగుదలను ఏండ్ల తరబడి గమనించుచు వచ్చెను. అందులో బొమ్మలను చూపి పదజ్ఞానమును కొలుచు యొక అమెరికా పరీక్షను తెలుగులోనికి తెచ్చి వాడిరి. వేర్వేరు భాషలలో పరీక్షింపబడిన పిల్లల గుణములను నేరుగా పోల్చరాదని ఆ పరిశోధకులే హెచ్చరించిరి. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో 2010 తరువాతి దశకమున ఆశా కార్యకర్తలు దిగులును కొలుచు తొమ్మిది ప్రశ్నలను, ఆందోళనను కొలుచు ఏడు ప్రశ్నలను తెలుగులో నడిగి, సహాయము కావలసినవారిని వైద్యుల యొద్దకు పంపిరి. చిన్న ప్రశ్నావళి సరియైన భాషలో సరియైన చేతిలో నున్నపుడు ఎంత మేలు చేయునో దీని వలన తెలియును.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశపు కథ మరింత గమనింపదగినది. వైద్యుడు విక్రమ్ పటేల్ మొదలగువారు అచ్చటి షోనా ప్రజల కొరకు 1997 లో 14 ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. దానిని వారు పరదేశము నుండి అనువదింపలేదు. బాధపడువారు తమ బాధను ఏ మాటలతో చెప్పుచున్నారో విని, ఆ మాటలతోనే ప్రశ్నలు కట్టిరి. ‘కుఫుంగిసిస’, అనగా మితిమీరి ఆలోచించుట, అను వారి మాటకు అందులో చోటు దొరికెను. అనువాదమునకు మించిన మార్గము ఇది.

హోసూరు బిడ్డ భాష ఏది?

ఇప్పుడు మన సంగతికి వత్తము. హోసూరు, దేన్కనికోట, కెలమంగలము, వేపనపల్లి ప్రాంతముల పిల్లవాడు ఇంటిలో తెలుగు మాటాడును. సంతలో కన్నడము వినును. కచ్చేరిలోను బస్సులోను తమిళము చదువును. 2006 లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని వరుసగా తమిళము అన్ని పాఠశాలలలో నిర్బంధ పాఠ్యమైనది. ఆ చట్టము మంచి చెడ్డలను ఇచ్చట చర్చింపము. కాని మన బిడ్డ నోటిలోని తెలుగు, మన పాఠ్యపుస్తకములలోని తెలుగు ఒకటి కావను సత్యమును మాత్రము ఒప్పుకొనవలెను.

‘బేజారు’ అను మాటను చూడుడు. మన యెల్లలలో కన్నడపు వాడుకను బట్టి దానికి మనస్సు నొచ్చుకొనుట, దిగులు, విసుగు అను అర్థములన్నియు కలవు. ‘అవసరము’ అనగా మనకు కావలసినది; తమిళమునను కన్నడమునను త్వరపాటు. ‘నాకు ఒకరి సహాయము అవసరము’ అను వాక్యమును మన పిల్లలలో నొకడు ‘నాకు తొందరగా సహాయము కావలెను’ అని గ్రహించిన ఆశ్చర్యము లేదు. విజయవాడలో చేసిన తెలుగు ప్రశ్నావళి కూడ ఇచ్చట మరల పరీక్షకు నిలువవలసినదే. మద్రాసులో చేసిన తమిళ ప్రశ్నావళిని మన బిడ్డ చేతికిచ్చుట అంతకంటె మేలు కాదు.

ఇది లోపమని ఎవరును భావింపవలదు. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి మొదలగు వైద్యులు 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి, ఒకటికంటె ఎక్కువ భాషలు మాటాడువారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా ప్రారంభమైనట్లు 2013 లో ప్రకటించిరి. చదువు రానివారిలో కూడ ఆ భేదము కనబడెను. పలు భాషలు మన బిడ్డలకు బరువు కావు, సంపద. కొలుచువారు ఆ సంపదను ఎరుగకపోవుటయే చిక్కు.

మేము ఏర్పరచుకొన్న నియమములు

ఆ సంఘటన తరువాత మా ఉపాధ్యాయులము కూర్చుండి కొన్ని నియమములు ఏర్పరచుకొంటిమి. పొరుగు పాఠశాలల వారికిని ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటిది: ఏ ప్రశ్నావళి వచ్చినను, ‘ఇది ఎవరి మధ్య, ఏ భాషలో పరీక్షింపబడినది?’ అని అడుగుదుము. జవాబు లేనిచో దాని మొత్తములను లెక్కకు తీసికొనము.

రెండవది: మేముగా రాత్రికి రాత్రి అనువదింపము. అనువాదము చేయవలసి వచ్చినచో, పిల్లల అవ్వలను గూడ అడుగుదుము. దుఃఖమునకు, కోపమునకు మన పల్లెలలో ఎన్ని మాటలున్నవో ఆ ముసలమ్మలకు తెలిసినట్లు నిఘంటువునకు తెలియదు.

మూడవది: ‘చేయలేకపోవుట ఎన్నడును లేదు’ వంటి రెండు వ్యతిరేకములు కలిసిన వాక్యములను విడిచిపెట్టుదుము. పెద్దలకే అవి తికమక. మెట్ల విషయములో కూడ ‘తరచు’, ‘సాధారణముగా’ అను మాటల భేదము పిల్లలకు తెలియనిచో, అయిదు గ్లాసుల బొమ్మలు గీసి, ఖాళీ గ్లాసు మొదలు నిండు గ్లాసు వరకు చూపి అడుగుదుము.

నాల్గవది: మొత్తము తీర్పు కాదు. ఎక్కువ వచ్చిన బిడ్డ చెడ్డవాడు కాడు. తక్కువ వచ్చిన బిడ్డకు బాధ లేదనియు కాదు. ప్రశ్నావళి తలుపు తట్టుట వంటిది. తట్టిన పిమ్మట లోపలికి పోయి మాటాడవలసినది మనుష్యుడే. ఆ కాగితములను ఇతర పిల్లల కంట పడనీయము, తరగతిలో చదువము, పేరు పెట్టి పిలువము.

అయిదవది: అవసరమైన యెడల నిపుణుల యొద్దకు పంపుదుము. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యాలయము మనకు దగ్గరలోనే యున్నది. ఆ సంస్థ నడిపిన 2015-16 జాతీయ మానసికారోగ్య సర్వేలో తమిళనాడు కూడ చేరియుండెను. మానసిక వ్యాధిగ్రస్తులలో, వ్యాధిని బట్టి, నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స పొందుటలేదని ఆ సర్వే తేల్చెను. 2022 అక్టోబరు 10 న భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘టెలి మానస్’ అను దూరవాణి సేవకు 14416 అను సంఖ్యకు పిలిచి తెలుగులోను మాటాడవచ్చును. తల్లిదండ్రులు ఈ సంఖ్యను గోడమీద వ్రాసి యుంచుకొనుట మంచిది.

ఆ బాలిక ఇప్పుడు మన పాఠశాలలో లేదు. పదవ తరగతి ముగించుకొని పై చదువునకు పోయినది. ఆమె మాకు ఒక మాట నేర్పిపోయినది. మాతృభాషలో విద్య కావలెనని మన సంఘము ఏండ్ల తరబడి అడుగుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాష్ట్రములు సదుపాయము కల్పించుటకు ప్రయత్నింపవలెనని 1956 లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. పాఠము చెప్పుటకు మాతృభాష ఎంత అవసరమో, బిడ్డ బాధను వినుటకు అంతకంటెను ఎక్కువ అవసరము. ఆ మాతృభాష పుస్తకములలోని తెలుగు మాత్రమే కాదు. ‘బేజారు’, ‘కడుపులో కాల్తా ఉంటాది’ అను మన యింటి తెలుగు కూడ. తల్లిదండ్రులు ఈ మాటలను చిన్నచూపు చూడక, సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను ఆ మాటలతోనే పలుకరింతురని నమ్ముచు, సెలవు తీసికొనుచున్నాము.